ఎముక తగ్గిన ముందు పళ్ళకి ఎంత ఫోర్స్ పెట్టాలి?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి):
నమస్తే అండి. నాది చిన్న క్లినిక్, బీడీఎస్ వరకే చదివాను, నెలకి రెండుసార్లు విశాఖ నుంచి ఆర్థో (పళ్ళ వరస సరిచేసే డాక్టర్) సార్ వచ్చి చూసి వెళ్తారు. కాశీనగర్ నుంచి ఒకావిడ వస్తోంది, 44 ఏళ్ళు, పై ముందు పళ్ళు నాలుగూ ముందుకొచ్చి సందులు పడ్డాయి, చిన్నప్పుడు ఇలా లేవట. ఎక్స్‌రేలో వేరు పొడుగులో దాదాపు సగం దాకా ఎముక లేదు. ఏళ్ళ తరబడి గుడాకు (పళ్ళకి రుద్దే పొగాకు ముద్ద) రుద్దిన నోరు, మానేసి ఆరు నెలలైందట (ఆవిడ మాట). ఫ్లాప్ (చిగురు తెరిచి శుభ్రం చేసే ఆపరేషన్) చేసి మూణ్ణెల్లు, చిగుళ్ళ నుంచి రక్తం రావట్లేదు. అందరికీ వేసినట్టే పవర్ చైన్ (పళ్ళని దగ్గరికి లాగే రబ్బరు గొలుసు) వేశాను, మూడు వారాలకే పళ్ళు లోపలికి ఒరిగిపోయి, పొడుగ్గా కనిపిస్తూ, వేలు పెడితే ఊగుతున్నాయి. సార్ రావడానికి ఇంకా పది రోజులుంది, టెన్షన్‌గా ఉంది. ఫోర్స్ ఎంత తగ్గించాలి?

జవాబు 1 (ఆర్థో, శ్రీకాకుళం):
ముందు ఆ చైన్ ఇవాళే తీసెయ్యండి, మీ సార్‌కి ఫోన్ చేసి చెప్పండి. రెండడుగులు పాతిన గుంజనీ, అడుగే పాతిన గుంజనీ ఒకే గేదె లాగితే ఏది ఒరుగుతుందో మీకు తెలుసు కదా, ఇదీ అంతే. ఎముక తగ్గితే ఫోర్స్‌ని పంచుకునే లిగమెంట్ (వేరుని ఎముకకి పట్టి ఉంచే నారలు) తక్కువ, దానితోపాటు పంటి రెసిస్టెన్స్ సెంటర్ (సరిగ్గా అక్కడ తోస్తే పన్ను ఒరగకుండా జరిగే చోటు) కూడా వేరు కొస వైపు జరుగుతుంది. బ్రాకెట్ (పంటికి అంటించే క్లిప్పు) నుంచి ఆ సెంటర్‌కి 10 మిల్లీమీటర్లు ఉన్నప్పుడు 60 గ్రాములు పెడితే ఒరిగించే మూమెంట్ (తిప్పే బలం, అంటే ఫోర్స్‌ని దూరంతో గుణిస్తే వచ్చేది) 600, అదే దూరం 13 అయితే 780. చాలామంది ఇక్కడే పొరబడతారు: 60ని 40 చేస్తే లిగమెంట్ మీద ఒత్తిడి తగ్గుతుంది గానీ ఒరగడం ఆగదు, దానికి తీగలో వంపు పెట్టి ఎదురు మూమెంట్ ఇవ్వాలి, అదీ మామూలు కన్నా ఎక్కువ. మీ కేసులో పళ్ళు ముందుకి వాలినవే కాబట్టి కొంత ఒరగడం కావలసిందే, మరీ ఎక్కువైంది అంతే. పొడుగైన పళ్ళని పైకి పంపాలంటే పంటికి 10-15 గ్రాములు చాలు. అది చేతి అంచనాకి దొరికే లెక్క కాదు, డాంట్రిక్స్ గేజ్ (ఫోర్స్ కొలిచే చిన్న పరికరం) కొనుక్కోండి. ఇంకోటి, పంటి మీద వేలు ఆనించి ఆవిణ్ణి కొరకమనండి, అదిరితే కింది పళ్ళు గుద్దుతున్నట్టే, అది సరిచెయ్యకుండా ఎంత తేలిక ఫోర్స్ పెట్టినా వృథా.

జవాబు 2 (చిగుళ్ళ డాక్టర్, బరంపురం):
ఫోర్స్ సంగతి ఆయన చెప్పారు. పాచి ఉండగా పంటిని పైకి పంపితే ఆ పాచిని చిగురు కిందికి తోసినట్టే, మిగిలిన ఎముక కూడా పోతుంది. తీగని బ్రాకెట్‌కి పట్టి ఉంచే రబ్బరు మాడ్యూల్స్ (రింగులు) తీసి స్టీల్ లిగేచర్ (సన్నని స్టీలు తీగ) కట్టండి, వచ్చిన ప్రతిసారీ ప్రోబ్ (చిగురు లోతు కొలిచే పుల్ల) పెట్టి చూడండి. గుడాకు మాట నమ్మకండి, కింది ముందు పళ్ళ వెనక కొత్త మరక ఉందేమో చూడండి. షుగర్ పరీక్ష చేయించారా?

జవాబు 3 (రాయగడ):
నేను డాక్టర్‌ని కాదు, ఇదే చేయించుకున్నాను. పళ్ళు దగ్గరికొచ్చాక చిగురు దగ్గర నల్లటి సందులు మిగిలాయి, పళ్ళ వెనక తీగ ఎప్పటికీ ఉంచుకోవాలన్నారు. రెండూ ఆవిడకి ముందే చెప్పండి, నాకు చివర్లో చెప్పారు.

ప్రశ్న అడిగినవారు:
చైన్ తీసేశాను, సార్‌కీ చెప్పాను. వేలు పెట్టి చూస్తే రెండు పళ్ళు అదురుతున్నాయి, ఇన్నాళ్ళూ ఒక్కసారైనా చూడలేదు. షుగర్‌కి రాసిచ్చాను. మరక మాత్రం ఉంది.