సొసైటీలో కట్టేసిన అప్పు మళ్లీ కట్టమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: నాన్న పంట రుణం మా ఊరి ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘంలో పూర్తిగా కట్టేశారు. సెక్రటరీ సంతకం, సంఘం ముద్రతో రసీదు ఉంది. లెడ్జర్‌లో మాత్రం జమ లేదు. ఇప్పుడు వడ్డీతో సహా కట్టమని నోటీసు వచ్చింది. ఊళ్లో చాలామందిది ఇదే గోస. అడిగితే "పాత సెక్రటరీ ఇప్పుడు లేడు" అంటున్నారు. నాన్నకు ఒకటే టెన్షన్. ఎవరిని కలవాలి?

జవాబు: ముందు ఆ ఒరిజినల్ రసీదు ఎవరి చేతికీ ఇవ్వకండి, జిరాక్స్ చాలు. నోటీసుకు రాతపూర్వకంగా జవాబిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. తర్వాత జిల్లా సహకార అధికారికి 1964 సహకార సంఘాల చట్టం సెక్షన్ 51 కింద విచారణ కోరుతూ అర్జీ పెట్టండి. ఒక్కరు పెడితే ఫైలు కదలడం కష్టం. మొత్తం సభ్యుల్లో ఐదో వంతు సంతకాలు చేస్తే విచారణ జరిపించి తీరాలి. అందుకే ఇల్లిల్లూ తిరగండి.

ఇంకో జవాబు: విచారణలో డబ్బు తిన్నట్టు తేలితే సెక్షన్ 60 కింద సర్‌చార్జి (తిన్న సొమ్ము తిరిగి కట్టమనే ఉత్తర్వు) వేసి, వడ్డీతో వాళ్ల నుంచే రాబడతారు. పదవి పోయినంత మాత్రాన తప్పించుకోలేరు. పోలీసు కేసు వేరు, అదీ పెట్టొచ్చు. కానీ విచారణ నివేదిక కాపీ మాత్రం అడిగి తీసుకోండి, చాలాచోట్ల అక్కడే తొక్కిపెడతారు.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు అన్నా. రేపే సభ్యుల జాబితా అడుగుతాను. రసీదులున్న వాళ్లందరినీ పోగుచేస్తాను.