ఒకే కటా నెలల తరబడి నేర్పే కరాటే మాస్టారు: మంచిదేనా?

ప్రశ్న: మా పాపకి ఎనిమిదేళ్లు. కరాటే మాస్టారు నెలల తరబడి ఒకే కటా (వరసక్రమంలో ఒంటరిగా సాధన చేసే దెబ్బలు, అడ్డుకోవడాలు) చేయిస్తున్నారు. పాపకి విసుగొస్తోంది. క్లాసు మార్పించనా?

జవాబు: తొందరపడకండి. ఆధునిక కరాటే పితామహుడిగా పేరున్న ఫునాకోషి గిచిన్ జపాన్‌లోని ఒకినావా దీవిలో బడిపంతులు. రాత్రిళ్లు తన కరాటే గురువు అజాటో గారింటి పెరట్లో నేర్చుకునేవారు. గురువు సరే అనేదాకా అదే కటా మళ్లీ మళ్లీ! మూడు టెక్కి కటాలకే పదేళ్లు పట్టిందట. 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చేనాటికి ఆయనకి యాభై దాటాయి.

ఇంకో జవాబు: నేనూ పిల్లలకి నేర్పుతాను. గోజు-ర్యూ అనే కరాటే శైలి స్థాపకులు మియాగి చోజున్ సాంచిన్ అనే కటా చేయిస్తూ శిష్యుల భుజాలు తట్టి బిగువు చూసేవారు. అంతటి ఆయనే 1940లో కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం సులువైన గెకిసాయి కటాలు కూర్చారు. మీ మాస్టారు రోజూ ఏదో ఒకటి సరిదిద్దుతున్నారా? మడమ లేస్తోందనో, మోకాలు లోపలికి పోతోందనో చెబుతున్నారా? చెబుతుంటే వదలకండి. ఫోన్ చూస్తూ లెక్కపెడుతుంటే మాత్రం మార్చేయండి.

ప్రశ్న అడిగినవారు: మోకాలి సంగతి రోజూ చెబుతారండీ. ఉంచేస్తాం.