ఎకనామిక్, ఎకనామికల్, ఫైనాన్షియల్: మూడూ ‘ఆర్థిక’మేనా?

ప్రశ్న: ‘ఆర్థిక’ అన్నదాన్ని ఇంగ్లీషులో పెట్టాల్సి వచ్చినప్పుడల్లా ఎకనామిక్ రాయాలా, ఎకనామికల్ రాయాలా అని తికమక. హిస్టారిక్, హిస్టారికల్ దగ్గరా ఇదే తంటా. చివర ‘అల్’ చేరితే అర్థం ఎలా మారుతుందో చెప్తారా?

జవాబు 1: ‘అల్’ని పట్టుకుని సూత్రం కట్టలేమండీ, ఏ జంట లెక్క దానిదే. ఎకనామిక్ అంటే ఆర్థిక వ్యవస్థకు చెందినది: ఎకనామిక్ పాలసీ, ఎకనామిక్ గ్రోత్. ఎకనామికల్‌కి ‘ఆర్థిక’తో పనే లేదు, అది పొదుపు మాట. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయే కారు ఎకనామికల్. ‘ఎకనామికల్ పాలసీ’ అని రాస్తే చదివేవాడికి చవకగా అమలయ్యే విధానమేదో అనిపిస్తుంది.

అసలు తప్పు ఇంకోచోట జరుగుతుంది. ‘మా ఇంట్లో ఆర్థిక ఇబ్బందులు’ అన్నప్పుడు ఈ రెండూ కుదరవు, ఫైనాన్షియల్ ప్రాబ్లమ్స్ అనాలి. చేతిలో ఆడే డబ్బు, అప్పులు, బ్యాంకు లావాదేవీలు ఫైనాన్షియల్. ఉత్పత్తి, ఉపాధి, ధరలు ఎకనామిక్.

జవాబు 2: హిస్టారిక్ సంగతి. మనకు ‘చారిత్రక విజయం’, ‘చారిత్రక నవల’ రెండింటికీ ఒకటే మాట సరిపోతుంది, ఇంగ్లీషులో సరిపోదు. చరిత్రలో నిలిచిపోయేది హిస్టారిక్: 1969లో మనిషి చంద్రుడి మీద కాలు పెట్టడం. గతానికి సంబంధించింది ఏదైనా, గొప్పదైనా కాకపోయినా, హిస్టారికల్: నవల, పరిశోధన, పాత దస్తావేజు. ‘హిస్టారికల్ ఫిగర్’ అంటే పుక్కిటి పురాణం కాదు, నిజంగా బతికిన మనిషి అని కూడా. పేపర్లలో ‘హిస్టారికల్ విక్టరీ’ తరచు కనిపిస్తుంది, దాన్ని చూసి నేర్చుకోకండి.

ప్రశ్న: మరి ఎలక్ట్రిక్, ఎలక్ట్రికల్?

జవాబు 1: కరెంటుతో నడిచే ఫలానా వస్తువు పేరు చెప్పేటప్పుడు ఎలక్ట్రిక్: మోటారు, స్టవ్, కారు. షాక్ కూడా ఎలక్ట్రిక్కే. ఆ రంగం మొత్తాన్నీ కలిపి చెప్పేటప్పుడు ఎలక్ట్రికల్: ఇంజనీరు, ఫాల్ట్, సామాన్లు. ‘ఎలక్ట్రిక్ ఇంజనీర్’ అంటే ఆయన్ని ప్లగ్గులో పెట్టాలి!

జవాబు 2: క్రియా విశేషణం దగ్గర మాత్రం ఈ గొడవ లేదు. విశేషణం ‘ఇక్’తో ముగిసినా ‘ఇకల్’తో ముగిసినా ‘ఇకలీ’యే: ఎకనామికలీ, హిస్టారికలీ. ‘బేసికల్’ అనే మాట వాడుకలో లేకపోయినా బేసికలీ ఉంది చూడండి. పబ్లిక్ మాత్రం ఎదురు తిరుగుతుంది: పబ్లిక్లీ.