బాబుకి రోజూ రెండు పూటలా బ్రష్ చేయిస్తున్నా నోటి వాసన పోవట్లేదు, ఎవరికి చూపించాలి?

రాజమండ్రి అమ్మ:
మా బాబుకి వచ్చే నెలకి 6 ఏళ్ళు నిండుతాయి. నాలుగైదు నెలల నుంచి వాడి నోరు వాసన వస్తోంది. పొద్దున లేవగానే పాచి నోరు ఎవరికైనా ఉండేదే కదా అని మొదట పట్టించుకోలేదు, కానీ బ్రష్ చేయించి, టిఫిన్ పెట్టి, స్కూల్ ఆటో ఎక్కించేలోపే మళ్ళీ మొదలవుతోంది. మెడ చుట్టూ చేతులేసి చెవిలో ఏదో చెప్పబోతాడు, నాకు తెలియకుండానే ముఖం పక్కకి తిప్పేస్తున్నాను, ఆ తర్వాత ఏడుపొస్తోంది.

పిల్లల డాక్టర్ గారికి రెండుసార్లు చూపించాం. రెండుసార్లూ గొంతు ఎర్రగా ఉందని 5 రోజులకి యాంటీబయాటిక్ సిరప్ రాశారు. తాగినన్నాళ్ళూ తగ్గుతుంది, ఆపిన వారం పది రోజులకి మళ్ళీ మామూలే. పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్తే టార్చ్ వేసి చూసి, పుచ్చులేమీ లేవమ్మా, బాగా తోమించండి అని పంపేశారు. మా అత్తయ్యగారేమో ఇదంతా నులిపురుగుల వల్లే అంటారు, రాత్రిళ్ళు పళ్ళు కొరుకుతాడు కూడా కాబట్టి. ఫిబ్రవరిలో స్కూల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర వేశారు, దానికీ మార్పు లేదు.

పోయిన వారం క్లాసులో పక్కన కూర్చునే పాప వీడి దగ్గర కంపు అని చోటు మార్చుకుందట. ఆ రోజు నుంచి నాతో మాట్లాడేటప్పుడు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. మౌత్‌వాష్ పోయొచ్చా? ఇంకెవరికైనా చూపించాలా? దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

వరంగల్ నాన్న:
ముందు ఇవాళ రాత్రే ఒక పని చేయండి. బాబు నోరు మూసుకుని ముక్కుతో గాలి వదులుతుంటే వాసన చూడండి, ఒక్కో రంధ్రం విడివిడిగా. ఆ తర్వాత ముక్కు పట్టుకుని నోటితో ఊదమనండి. వాసన నోటిదా ముక్కుదా అన్నది తేలితే సగం పని అయినట్టే.

ఎందుకు చెప్తున్నానంటే మా పాపకు 3 ఏళ్ళప్పుడు ఇలాగే కంపు, మేమూ నోరే అనుకుని పేస్టులు మార్చాం, మందులు వాడాం, రెండు నెలలు తిరిగాం. ఒక్క ఎడమ ముక్కులోంచే పసుపు పచ్చటి చీమిడి వస్తుందని, అది కూడా దుర్వాసన కొడుతుందని మా అమ్మ గమనించింది. ఈఎన్‌టీ డాక్టర్ చూస్తే లోపల స్పాంజి ముక్క, చిరిగిన సోఫాలోంచి పీకి ఎప్పుడు పెట్టుకుందో ఏమో. తీయడానికి 5 నిమిషాలు కూడా పట్టలేదు, మర్నాటికి ఇల్లంతా తిరిగే ఆ కంపు లేదు. జలుబైతే రెండు ముక్కులూ కారతాయి, ఒకటే కారుతూ కంపు కొడుతుంటే లోపల ఏదో ఉందని అనుమానించాల్సిందే. శనగగింజ, చింతపిక్క, పూస, సుద్దముక్క, పిల్లలు ఏదైనా పెట్టుకుంటారు. మీరు మాత్రం పిన్నీసుతోనో చెవిపుల్లతోనో తీయాలని చూడొద్దు, ఇంకా లోపలికి పోతుంది. బొమ్మల్లో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ అని ఏమాత్రం అనుమానం వచ్చినా అర్ధరాత్రైనా సరే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి, అది కొన్ని గంటల్లోనే లోపలి కండని కాల్చేస్తుంది.

విజయనగరం అమ్మమ్మ:
అమ్మా, ముందు నువ్వు ఏడవకు, బాబు చూస్తే వాడే ఏదో తప్పు చేశాననుకుంటాడు. మా ఇంట్లో ఏది తిన్నా నోరు పుక్కిలించకుండా పిల్లల్ని వదిలేవాళ్ళం కాదు, పాలు తాగినా సరే. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు పాలు, దాని మీద బిస్కెట్టు, అలాగే నిద్ర. నీళ్ళు కూడా తక్కువ తాగుతున్నారు, స్కూల్ నుంచి సీసా నిండుగానే తిరిగొస్తుంది. అది చూసుకో. వేలితో కాస్త లవంగ నూనె చిగుళ్ళకి రాస్తే వాసన తగ్గుతుంది, మా మనవడికి రాశాం.

పళ్ళ డాక్టర్, విజయవాడ:
అమ్మమ్మగారు చెప్పిన పుక్కిలింపు, నీళ్ళు రెండూ నూటికి నూరుపాళ్ళు నిజం, నా దగ్గరికి వచ్చే తల్లులకి నేనూ అదే చెప్తాను. లవంగ నూనె మాత్రం వద్దండి. చిన్నపిల్లల చిగుళ్ళు కమిలిపోతాయి, మింగితే ప్రమాదం. మౌత్‌వాష్ కూడా 6 ఏళ్ళ లోపు వద్దు, ఉమ్మడం సరిగ్గా రాదు, మింగేస్తారు. పైగా అది వాసనని ఒక గంట కప్పుతుందంతే.

ఇక మీ బాబు సంగతి. ఈ వయసులో నేను ఎక్కువగా చూసేది, పాల దవడ పళ్ళు రెండూ ఆనుకునే చోట వచ్చే పుచ్చు. పైనుంచి టార్చ్ వేస్తే పన్ను తెల్లగానే ఉంటుంది, గుంట మధ్యలో ఉంటుంది, అన్నం మెతుకులు, పీచు అందులో ఇరుక్కుని కుళ్ళుతాయి. బ్రష్ అక్కడికి వెళ్ళదు. పళ్ళ సందుల్లో శుభ్రం చేసే దారంతో (డెంటల్ ఫ్లాస్) శుభ్రం చేసి ఆ దారాన్ని వాసన చూడండి, ఒకే చోట గబ్బు కొడితే, లేదా దారం చీలికలై వస్తే, అక్కడే ఉంది అసలు విషయం. పళ్ళతో కరిచిపట్టి తీసే చిన్న ఎక్స్‌రే ఒకటి ఉంటుంది, అది తీయమని అడగండి. ఎలాగూ ఊడిపోయే పాలపళ్ళే కదా అని వదిలేయొద్దు, ఆ దవడ పళ్ళు 10, 11 ఏళ్ళ దాకా నోట్లో ఉండాలి.

ఇంకోటి, 6 ఏళ్ళ దగ్గర పడుతుంటే చివర్లో కొత్త దవడ పన్ను వస్తుంది, ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది గమనించరు. సగం చిగురు కింద ఉన్నప్పుడు ఆ సందులో తిండి ఇరుక్కుంటుంది. అక్కడ కూడా చూసుకోండి.

తోమడం వాడికి వదిలేస్తున్నారా? 7, 8 ఏళ్ళ దాకా మీరే తోమాలి, కనీసం రాత్రి పూట. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠాణీ గింజంత చాలు. ఆ తర్వాత నాలుక మెల్లగా గీయండి, వెనక వైపు తెల్లటి పాచి పేరుకుంటుంది. ఆ పాచిలో గాలి తగలని చోట బతికే బ్యాక్టీరియా గంధకం వాయువులు వదులుతుంది, కుళ్ళిన గుడ్డు వాసన అందుకే. యాంటీబయాటిక్ తాగినప్పుడు ఆ బ్యాక్టీరియా తగ్గుతుంది, వాసనా తగ్గుతుంది, కానీ పుచ్చు, ఇరుక్కున్న తిండి అలాగే ఉంటాయి కాబట్టి మళ్ళీ వస్తుంది. మూడోసారి సిరప్‌కి తొందరపడకండి.

వాసన కుళ్ళులా కాకుండా మగ్గిన పండులా తియ్యగా ఉండి, బాబు దాహం దాహం అంటూ మాటిమాటికీ ఒంటికి వెళ్తూ సన్నబడుతుంటే మాత్రం పళ్ళ సంగతి పక్కన పెట్టి అదే రోజు షుగర్ పరీక్ష చేయించండి.

హైదరాబాద్ అమ్మ, ముగ్గురు పిల్లలు:
అక్కా, బాబు రాత్రి నోరు తెరుచుకుని పడుకుంటాడా? గురక ఉందా?

రాజమండ్రి అమ్మ:
అవునండి, గురక ఉంది. జలుబు లేకపోయినా నోరు తెరిచే పడుకుంటాడు, దిండు తడిసిపోతుంది. అది వాళ్ళ నాన్న పోలిక అనుకున్నాం. ముక్కు వాసన చూశాను, రెండు వైపులా కాస్త ఉంది కానీ నోటితో ఊదితేనే ఎక్కువ.

హైదరాబాద్ అమ్మ, ముగ్గురు పిల్లలు:
అయితే అడినాయిడ్స్ చూపించండి. ముక్కు వెనక ఉండే కండ అది, నోరు తెరిస్తే కనపడదు, అందుకే టార్చ్‌కి దొరకదు. అది పెరిగితే ముక్కుతో గాలి ఆడక నోటితో పీలుస్తారు, రాత్రంతా నోరు ఎండిపోతుంది, లాలాజలం ఉంటేనే కదా నోరు తనంతట తాను శుభ్రపడేది. మా పెద్దోడికి, చిన్నదానికి ఇద్దరికీ ఉండింది. పెద్దోడికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేది, వాడికి ఆపరేషన్ చేశారు. చిన్నదానికి ముక్కులో కొట్టే స్ప్రే ఇచ్చారు, మూడు నెలలకి గురక తగ్గింది, పెద్దయ్యే కొద్దీ ఆ కండ దానంతటదే కుంచించుకుపోతుంది అని చెప్పారు, నిజంగానే తగ్గింది. స్ప్రే మీద స్టెరాయిడ్ అని చూసి నేను వారం రోజులు వాడకుండా దాచిపెట్టాను, మీరు అలా చేయకండి, భయం ఉంటే డాక్టర్‌నే అడగండి. ఇటు హైదరాబాద్ వస్తే కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది, మేము అక్కడికే వెళ్ళాం.

పురుగుల మాట అత్తయ్యగారితో గొడవ పెట్టుకోకండి. మాత్ర మంచిదే, ఏడాదికి రెండుసార్లు వేయించండి, కానీ వాసనకి కారణం అది అయ్యుండదు.

రాజమండ్రి అమ్మ:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. ఎక్స్‌రే తీయించాం, కింద కుడివైపు రెండు పాల దవడ పళ్ళ మధ్యలో పుచ్చు ఉంది, ఒకటి నరం దాకా వెళ్ళిందట. దానికి పాలపళ్ళకి చేసే రూట్ కెనాల్ చేసి స్టీలు క్యాప్ వేశారు, పక్కదానికి సిమెంట్ పెట్టారు. ఈఎన్‌టీ డాక్టర్ అడినాయిడ్స్ కూడా ఉన్నాయన్నారు, ముక్కులో ఇంకేమీ లేదు. స్ప్రే మొదలుపెట్టి 12 రోజులైంది, మళ్ళీ వచ్చే నెల రమ్మన్నారు.

పగలు వాసన దాదాపు పోయింది. పొద్దున ఇంకా కొంచెం ఉంటోంది. రాత్రి పాలు పడుకునే ముందు కాకుండా అన్నంతో పాటే ఇచ్చేసి, తర్వాత నేనే తోముతున్నాను, మా అత్తయ్యగారు నాలుక గీయిస్తున్నారు. నిన్న నా భుజం మీద తల పెట్టి స్కూల్ కబుర్లు చాలాసేపు చెప్పాడు, నేను ముఖం తిప్పలేదు. చెయ్యి అడ్డం పెట్టుకోవడం మాత్రం ఇంకా మానలేదు. శనివారం వాళ్ళ టీచర్‌ని కలిసి ఆ చోటు మార్పు గురించి మాట్లాడతాను.