యేనా వంటి చిన్న నగరంలో కొత్త కాపురం ఎలా ఉంటుంది?

ప్రశ్న

అందరికీ నమస్కారం. జర్మనీలోని యేనాలో నాకు ఉద్యోగం ఖాయమైంది. అక్టోబరు మొదట్లో నేనూ నా భార్యా అక్కడికి చేరుకుంటాము. సుమారు 1,10,000 జనాభా ఉన్న ప్రశాంతమైన ఊరనీ, చీకటి పడితే వీధుల్లో సందడి ఉండదనీ విన్నాము. నాకు ఆఫీసుతో పొద్దు గడిచిపోతుంది గానీ, జర్మన్ నేర్చుకొని ఉద్యోగం దొరికేవరకు ఆమె ఇంటిపట్టునే ఉండవలసి వస్తుందేమోనని దిగులుగా ఉంది. ఇల్లు, సెలవు రోజులు, ఒంటరితనం గురించి అక్కడ ఉంటున్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

ముందుగా ఇంటి సంగతి చూసుకోండి. జాలే నది లోయలో, కొండల నడుమ ఒదిగిన ఊరు కావడంతో ఇళ్లు కట్టేందుకు స్థలం తక్కువ. పైగా 1558 నాటి విశ్వవిద్యాలయం ఉన్న ఊరు కాబట్టి, మీరు వచ్చే అక్టోబరులోనే కొత్త విద్యార్థులు కూడా ఇళ్ల వేటలో ఉంటారు. ఊరి నడిబొడ్డునే కావాలని పట్టుబట్టకుండా దక్షిణాన ఉన్న లోబెడా, వింట్సర్లా ప్రాంతాలనూ చూడండి. తూర్పు జర్మనీ కాలం నాటి ఆ కాంక్రీటు భవనాలు కంటికి అంత ఇంపుగా ఉండకపోవచ్చు గానీ, ట్రామ్ సౌకర్యం ఉండడం వల్ల రాకపోకలకు ఇబ్బంది లేదు.

ప్రకటనలో కనిపించే కాల్ట్‌మీటే అసలు అద్దె మాత్రమే. హీటింగ్, నీరు వంటి ఖర్చులు కలిపితే వార్మ్‌మీటే అవుతుంది, కరెంటు, ఇంటర్నెట్ చాలాసార్లు దానికీ అదనమే. అడ్వాన్సుగా మూడు నెలల కాల్ట్‌మీటేకు మించి అడగడానికి చట్టం ఒప్పుకోదు, ఆ మొత్తాన్ని మూడు వాయిదాల్లో కట్టే హక్కు కూడా మీకుంది. చాలా ఇళ్లలో వంటగది ఖాళీగా, స్టవ్ కూడా లేకుండా ఉంటుంది కనుక ముందే అడిగి తెలుసుకోండి.

ఇంట్లో దిగిన రెండు వారాల్లోగా, యజమాని సంతకం చేసిన ధ్రువపత్రంతో వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. పన్ను నంబరు ఆ తరువాత పోస్టులో వస్తుంది. దిగిన రోజే పోస్టు పెట్టె మీద ఇద్దరి ఇంటిపేర్లూ అంటించండి. పేరు కనిపించకపోతే ఉత్తరాలు వెనక్కి వెళ్లిపోతాయి.

రెండవ సమాధానం

ఆదివారం దుకాణాలు మూసే ఉంటాయి. శనివారమే సరుకులు తెచ్చుకోవడం అలవాటు చేసుకోండి. మీరు వచ్చిన నెలలోనే 3వ తేదీన, 31వ తేదీన కూడా యేనా ఉన్న తురింగియా రాష్ట్రమంతటా సెలవు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు, అంటే గోడకు డ్రిల్లింగ్ చేయడం, గాజు సీసాలను వీధి డబ్బాలో వేయడం వంటివి కూడా ఆ రోజు కుదరవు. ఆస్పత్రికి పరుగెత్తేంత అవసరం లేని అనారోగ్యానికి రాత్రిళ్లు, సెలవు రోజుల్లో 116117కు ఫోన్ చేయాలి. ప్రాణాపాయమైతే 112.

మూడవ సమాధానం

మీ భార్యగారి గురించి మీరు ముందుగానే ఆలోచించడం నాకెంతో నచ్చింది. నవంబరు, డిసెంబరు నెలల్లో సాయంత్రం నాలుగు దాటగానే పొద్దు గుంకుతుంది. ఆ చీకటి రోజులు మొదలయ్యేలోగా ఆమెకు ఇంటి నుంచి బయటికి అడుగుపెట్టే కారణం ఒకటి ఏర్పడి తీరాలి. ఫోల్క్స్‌హోఖ్‌షూలే అనే వయోజన విద్యా కేంద్రంలో జర్మన్ తరగతులకు ఇప్పుడే వాకబు చేయండి, వీలైతే ఉదయం తరగతినే ఎంచుకోండి. ఉద్యోగి జీవిత భాగస్వామిగా వచ్చేవారికి పనిచేసే అనుమతి ఉంటుంది కాబట్టి, భాష కొంత పట్టుబడగానే చిన్న ఉద్యోగంతోనైనా మొదలుపెట్టవచ్చు.

ఇక్కడివారు దారిలో ఆగి కబుర్లు చెప్పరు గానీ, వారం వారం ఒకేచోట కనిపించే మనిషిని తప్పక దగ్గరకు తీస్తారు. అందుకే బృందగానమో, బ్యాడ్మింటనో, కొండల్లో నడకో, ఆమెకు ఇష్టమైన ఏదో ఒక సంఘంలో చేరమనండి. మొదట్లో ఎవరూ పెద్దగా పలకరించకపోయినా మానేయకూడదు. దిగిన వారంలోనే ఇద్దరూ కలిసి పక్కింటివారి తలుపు తట్టి పరిచయం చేసుకోండి. వారాంతాల్లో ఊరు మరీ చిన్నదనిపిస్తే రైలులో వైమార్ పావుగంట, ఎర్ఫుర్ట్ అరగంట. నెలకు 63 యూరోల డాయిచ్‌లాండ్ టికెట్‌తో ట్రామ్‌లు, ప్రాంతీయ రైళ్లు అన్నీ ఎక్కవచ్చు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఉదయం తరగతుల గురించి ఈ రోజే ఉత్తరం రాస్తాము. లోబెడాలో ఇల్లు చూడడం కూడా మొదలుపెడతాము.