నౌపడ ఉప్పు మడుల్లో అరుదైన ఉల్లంకుల్ని (బురద నేలల్లో మేసే చిన్న పిట్టల్ని) గుర్తుపట్టడం ఎలా?

బీలగట్టు:
వచ్చే ఆదివారం ఎనిమిదిమందిమి పిట్టల్ని చూడ్డానికి శ్రీకాకుళం జిల్లా నౌపడ వెళ్తున్నాం. తేలినీలాపురం గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలతో ఇబ్బంది లేదు. మడుల్లోని చిన్న ఉల్లంకులే, అన్నీ బూడిదరంగే, ఏటీ తేలదు. వాటిలో స్పూన్‌బిల్డ్ శాండ్‌పైపర్ (చెంచా ముక్కు ఉల్లంకి) లాంటిది ఉన్నా పోల్చుకోగలమా? 8×42 బైనాక్యులర్లు, ఒక స్కోపు (దూరం పిట్టల్ని చూసే టెలిస్కోపు) ఉన్నాయి. ఎన్నింటికి వెళ్లాలి, ఎక్కడ నిలబడాలి?

నాగావళి:
ముందు పోటు వేళ చూసుకోండి, తర్వాతే బండి మాట్లాడుకోండి. పాటు మీద (నీరు వెనక్కి తీసినప్పుడు) పిట్టలు బురదంతా చెదిరిపోయి మేస్తాయి, స్కోపుకీ అందవు. పోటొచ్చి బురద మునిగితే అవే మడుల్లోకి వచ్చి గుంపుగా నిలబడతాయి. పోటుకి గంటన్నర ముందే గట్టు మీద ఉండాలి. విశాఖ పోర్టు పట్టిక చాలు గానీ, కాలువ లోపలికి నీరెక్కడానికి ఇంకాస్త టైం పడుతుంది. పోటు రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి పోయిన వారం వేళ పనికిరాదు. పొద్దున పోటు పడే ఆదివారం కాకపోతే వాయిదా వేసుకోవడమే మేలు.

పొద్దున తూర్పు గట్టు మీద నిలబడి పడమరకి చూడండి. ఎదురెండలో కాళ్ల రంగు తెలీదు. ఎండెక్కాక నేల మీద గాలి ఉడుకుతుంది; స్కోపు 60 రెట్లకి పెంచితే బొమ్మ ఇంకా అలుక్కుపోతుంది, 25-30 దగ్గరే ఆపండి. లోతు నీళ్ల మడులు వదిలేయండి. స్టింట్లు, అంటే బాగా బుల్లి ఉల్లంకులు, ఉండేది అంగుళం లోపు నీళ్లలో, తడి బురద అంచున.

తంపర:
అరుదైనదాన్ని వెతకొద్దండీ, మామూలువాటిని ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోండి. నల్లకాళ్ల బుల్లిపిట్ట లిటిల్ స్టింట్, కాళ్లు పసుపుపచ్చగా ఉంటే టెమ్మింక్స్ స్టింట్. పొడుగు ముక్కు కిందికి వంగి, ఎగిరినప్పుడు తోక మొదలు తెల్లగా కనబడితే కర్లూ శాండ్‌పైపర్. ఆ తెలుపు మధ్య నల్లగీత ఉంటే డన్లిన్, అది రాసుకోవాల్సిన పిట్ట. కనుబొమ గీత రెండుగా చీలి, ముక్కు కొస దగ్గర విరిగినట్టు వంగితే బ్రాడ్‌బిల్డ్ శాండ్‌పైపర్.

స్పూన్‌బిల్డ్ ఎక్కువగా బంగ్లాదేశ్, మయన్మార్, థాయ్‌లాండ్ తీరాల్లో చలికాలం గడుపుతుంది, దాని మీదే ఆశ పెట్టుకోకండి. పక్కనుంచి చూస్తే చెంచా కనబడనే కనబడదు. తల పెద్దగా, మొహం బాగా తెల్లగా ఉండి, ముక్కుని నీళ్లలో అటూ ఇటూ తిప్పుతూ మేసేది కనబడితే, అది మీ వైపు తిరిగేదాకా కదలొద్దు. ఇక్కడే అందరూ బోల్తా పడతారు: లిటిల్ స్టింట్ ముక్కు కొసకి బురద ముద్ద అంటుకున్నా అచ్చం చెంచాలానే ఉంటుంది. కడుక్కునేదాకా ఆగి మళ్లీ చూడాలి.

బీలగట్టు:
రెడ్‌నెక్డ్ స్టింట్ సంగతి?

తంపర:
చలికాలపు ఈకల్లో మన స్కోపులతో చెప్పడం కష్టం, లిటిల్ అనీ రెడ్‌నెక్డ్ అనీ తేల్చకుండా స్టింట్ అని రాసెయ్యండి. ఏప్రిల్‌లో రండి, తిరుగు ప్రయాణానికి రంగులొస్తాయి. అప్పుడు గొంతు ఎర్రగా, చారల్లేకుండా ఉంటే రెడ్‌నెక్డ్. గొంతు తెల్లగా ఉంటే లిటిల్.

నాగావళి:
ఇంకొకటి. పిట్ట కాలికి పరిశోధకులు కట్టిన రంగు జెండా (చిన్న ప్లాస్టిక్ పట్టీ) కనబడితే ఏ కాలు, మోకాలికి పైనా కిందా, రంగుల వరస, అక్షరాలు, అన్నీ రాసుకోండి. ఆ రంగుల్ని బట్టే ఏ దేశంలో కట్టారో తెలుస్తుంది. గుంపు మేత ఆపి తలలెత్తిందంటే మీరు దగ్గరైపోయారు, అక్కడే ఆగండి. మడుల్లో పనిచేసేవాళ్లని అడిగే గట్టెక్కండి, ఒకరి వెనక ఒకరు నడవండి. ఉప్పు కడుతున్న మడిలో కాలు పెడితే బురద కలిసి వాళ్ల సరుకు పాడవుతుంది.