ఆపరేషన్ అయింది, కీమో ముందుంది. జబ్బుల భయం ఉన్న మనసుతో దీన్ని ఎలా దాటాలి?

ప్రశ్న (గుంటూరు నుండి ఒక సభ్యురాలు):

నమస్కారం. నా వయసు 47. ఏడాదికోసారి చేయించుకునే మామోగ్రామ్‌లో కుడి రొమ్ములో గడ్డ బయటపడింది. గత నెలలో ఆ గడ్డనూ, చంకలోని గ్రంథులనూ ఆపరేషన్ చేసి తీసేశారు. గడ్డ అంచుల్లో క్యాన్సర్ కణాలు లేవనీ, రెండు గ్రంథుల్లో మాత్రం ఉన్నాయనీ రిపోర్టు వచ్చింది. ముందు కీమో, తర్వాత రేడియేషన్, ఆ తర్వాత కొన్నేళ్లపాటు టామాక్సిఫెన్ మాత్రలు (ఈస్ట్రోజన్ హార్మోను క్యాన్సర్‌ను పెంచకుండా అడ్డుకునేవి) వాడాలని డాక్టరు గారు చెప్పారు.

నా అసలు కష్టం వేరే ఉంది. చాలా ఏళ్లుగా నాకు జబ్బుల భయం. తలనొప్పి వస్తే మెదడులో గడ్డ అనీ, దడ వస్తే గుండెపోటు అనీ అనుకుని పరీక్షలు చేయించుకునేదాన్ని. ఏమీ లేదని తేలేది. "నీదంతా భయమే" అని ఇంట్లోవాళ్లు అంటే మెల్లగా నమ్మడం నేర్చుకున్నాను. ఇప్పుడు నిజంగానే జబ్బు వచ్చింది కాబట్టి ఆ మాట ఇక నాకు ధైర్యం ఇవ్వడం లేదు. నడుము పట్టేసినా ఎముకలకు పాకిందేమో అనిపిస్తోంది. చేయి లోపలివైపు మొద్దుబారితే రోజంతా దాన్నే తడుముకుంటున్నాను. కీమోకు ముందు టూడీ ఎకో తీయించమన్నారు. గుండెలో ఏదో అనుమానం ఉండే రాశారని నిద్ర పట్టడం లేదు. అయినా, ఆపరేషన్‌తో అంతా పోయి ఉంటే కీమో ఎందుకు?

సమాధానం (చికిత్స పూర్తయిన సభ్యురాలు, విశాఖపట్నం):

చెల్లీ, మీ చివరి ప్రశ్నే నన్నూ ఎక్కువగా వేధించింది. ఆపరేషన్ తర్వాత కీమో ఇవ్వడమంటే ఏదో మిగిలిపోయిందని తేలినట్టు కాదు. గ్రంథుల దాకా వచ్చిన కణాలు స్కానింగుకు అందనంత చిన్నవిగా మరెక్కడైనా ఉండే అవకాశం ఉంది కనుక, జబ్బు తిరగబెట్టే ప్రమాదాన్ని తగ్గించడానికి ఇస్తారు. ఎకో సంగతీ అంతే. ఆడ్రియమైసిన్ అనే ఎర్ర మందు గుండె కండరం మీద ప్రభావం చూపగలదు కాబట్టి, అది ఎక్కించబోయేవారికి ముందుగానే తీస్తారు. చేయి మొద్దుబారడం చంకలో ఆపరేషన్ అయిన చాలామందికి ఉండేదే. అక్కడి చర్మపు నరం దెబ్బతినడం వల్ల అలా జరుగుతుంది. వచ్చే విజిట్‌లో చూపిస్తే చాలు.

రాబోయే మార్పులను భయం కన్నా ముందే తెలుసుకుని ఉండటం నాకు అన్నిటికన్నా మేలు చేసింది. ఎర్ర మందు ఎక్కాక ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా రావచ్చు. అది మందు రంగే. తెల్లరక్తకణాలు పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్ తర్వాత నడుములోనూ తొడల్లోనూ ఎముకలు నొప్పి పెడతాయి; ఈ మాట నర్సమ్మ ముందే చెప్పి ఉండకపోతే ఆ రాత్రే నేను స్కానింగ్ కోసం పరుగెత్తేదాన్ని. మీ డాక్టరును అడిగి రెండు జాబితాలు రాయించుకోండి: వెంటనే ఫోన్ చేయవలసినవి, విజిట్ దాకా ఆగినా ఫరవాలేనివి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్‌కు చేరిన జ్వరం, చలితో వణుకు, ఆయాసం, ఆగని వాంతులు మొదటి జాబితాలోవి. కీమో రోజుల్లో జ్వరం వస్తే అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. "ఇదీ నా భయమేలే" అని మీరు ఊరుకోకూడదు, ఇంట్లోవాళ్లను అననివ్వకూడదు.

సమాధానం (భార్యకు తోడుగా ఉన్న సభ్యుడు):

మా ఆవిడదీ ఇదే స్వభావం. "ఇది మామూలేనా" అని అడిగినప్పుడల్లా నేను "మామూలే" అనేవాణ్ణి; ఆ ధైర్యం పావుగంట కూడా నిలిచేది కాదు. సైకాలజిస్టు సలహాతో సాయంత్రం ఒక అరగంటను ఆ మాటలకే కేటాయించుకున్నాం. మధ్యలో వచ్చిన అనుమానాలను, మొదటి జాబితాలోవి కాకపోతే, నోటుబుక్కులో రాసి సాయంత్రానికి వాయిదా వేసేది. సాయంత్రానికి వాటిలో చాలావరకు అడగవలసిన అవసరమే ఉండేది కాదు.

సమాధానం (మానసిక వైద్యురాలు):

అమ్మా, "భయపడినదే నిజమైంది" అనే ఆలోచనను కొంచెం నిదానంగా పరిశీలించండి. ఇన్నేళ్లు మీరు భయపడింది మెదడు గురించీ గుండె గురించీ. జబ్బు వచ్చింది రొమ్ములో, దాన్ని పట్టుకున్నది మామోగ్రామ్. కాబట్టి మీ భయం చెప్పే ప్రతి మాటా నిజమని దీనివల్ల రుజువు కాలేదు. ఈ ఆందోళన సంగతి క్యాన్సర్ డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. తడుముకోవడం, ఇంటర్నెట్‌లో వెతకడం క్రమంగా తగ్గించే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ దీనికి బాగా పనిచేస్తుంది, కీమో జరుగుతుండగానే మొదలుపెట్టవచ్చు. రాత్రివేళ మరీ కష్టమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. మందుల విషయంలో ఒక జాగ్రత్త ఉంది: ఆందోళనకు, డిప్రెషన్‌కు ఇచ్చే ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ మాత్రలు టామాక్సిఫెన్‌ను శరీరం చురుకైన రూపంలోకి మార్చుకోకుండా అడ్డుపడతాయి.

ప్రశ్న అడిగిన సభ్యురాలు:

అందరికీ కృతజ్ఞతలు. నేను వాడుతున్న మాత్ర ఫ్లూఆక్సెటినే. రేపటి నుంచి మానేయాలా?

మానసిక వైద్యురాలు:

మీ అంతట మీరు మానవద్దు. టామాక్సిఫెన్ కీమో పూర్తయ్యాకే మొదలవుతుంది కనుక, ఎస్సిటలోప్రామ్, వెన్లాఫాక్సిన్ వంటి వాటికి నెమ్మదిగా మారడానికి మీకు తగినంత సమయం ఉంది. ఫ్లూఆక్సెటిన్ ప్రభావం ఆపిన తర్వాత కూడా కొన్ని వారాలు శరీరంలో ఉంటుంది కాబట్టి, ఈ వారంలోనే మీ సైకియాట్రిస్టును కలవండి. ఎస్సిటలోప్రామ్, వాంతులకు ఇచ్చే ఒండాన్సెట్రాన్ రెండూ గుండె లయ మీద కొంత ప్రభావం చూపుతాయి. అందువల్ల మిమ్మల్ని ఈసీజీ తీయించుకోమంటే అది ఈ జాగ్రత్త కోసమే.